మా ఇంటి కంప్యూటర్లో అయిదు మైకులు

అయిదు మైకులు బావ, అయిదు. మనిషికి ఉన్నది ఒక నోరు. దానికి అయిదు మైకులు దేనికో, ఆ కంప్యూటరు తయారుసేసినోడు కనబడితే అడగాల. నువ్వు నవ్వకపోతే మానీ, మొగం మాత్రం ఇటు తిప్పు. నాను గట్టిగానే సెప్తన్నాను. ఈది మొగలో కిరాణా కొట్టు దాకా ఇనబడతంది, ఆడెవుడో తొంగి కూడా సూత్తన్నాడు.

కూకోమనవా? సర్లే, నానే కూకుంటాను. తోడబుట్టిన మా అప్ప ఇంటి అరుగు మీద కూకోడానికి నాకు నీ పర్మిషనేటి? అప్పా, టీ ఒద్దు, తాగే ఒచ్చాను. నువ్వా సేపల పని కానీ ముందు.

ఎనిమిది రోజులు బావ. పందొమ్మిదేళ్లుగా నువ్వు పైన క్రేను కేబిన్లో, నాను కింద ఓడ మీద, మజ్జన ఒక వాకీటాకీ. దించమంటే దించావు, ఆపమంటే ఆపావు. ఇంట్లో అప్ప మాట ఇననోడివి, అక్కడ నా మాట ఇన్నావు. అలాటిది ఎనిమిది రోజులుగా ఒక్క ముక్క లేదు. మొన్న గేటు కాడ నీ పక్కనే ఒచ్చి నిలబడ్డాను. ఆ నోటీసు బోర్డుని ఎంత శ్రద్ధగా సదివావు నువ్వు! దాని మీద ఏటుందో సెప్పు సూద్దాం. కిందటేడు సెలవుల లిస్టు బావ. ఇప్పటికీ ఎవుడూ పీకలేదు.

నీ కోపం నాకు తెలీదేటి? పోయిన ఆదివారం కంపెనీ సేఫ్టీ మీటింగులో నా నోట్లోంచి ఒచ్చిన మాటకే నిన్ను క్రేను దించీసారు. రేపు పదింటికి సెవుల టెస్టు. పాసైతే మల్లీ క్రేను. తప్పితే గేటు కాడ కుర్సీ ఏసుకుని లారీ నంబర్లు రాసుకోడం. ఇరవయ్యారేళ్లు క్రేను తోలినోడిని పట్టుకుని లారీ నంబర్లు రాసుకోమంటే ఎలగుంటాదో నాకు తెలుసు. అందుకే ఒచ్చాను. అసలేటయిందో నా నోటితో సెప్తాను, ఇను. ఇన్నాక తిట్టు, కొట్టు, ఏటైనా సెయ్యి.

ఈ మీటింగులు ఇదివరకు షెడ్డులో ఎట్టీవోరు, గ్యాపకం ఉందా? మనిషికి రెండు సమోసాలు, ఒక టీ. నువ్వు నీ రెండూ తినీసి, "మా ఆవిడకి" అని ఇంకో రెండు కాగితంలో సుట్టించుకునీవోడివి. అవి గేటు దాటీలోపలే అయిపోయీవి. అప్పా, ఇన్నావా, నీ పేరు సెప్పి ఎన్నేళ్లు సమోసాలు తిన్నాడో. ఇప్పుడు సమోసాలు పోయాయి, మీటింగు మాత్రం మిగిలింది. నెలకో ఆదివారం, ఎవులింట్లో ఆళ్లు కూకుని ఫోనులో మొగాలు సూపించుకోవాల.

నా ఫోనేమో ఆ శుక్రవారమే ఓడ మెట్ల మీద జారి పడింది. అద్దం ముక్కలై బాగుసేసే కొట్లో ఉంది. ఇంక మిగిలింది మా కూతురు దేవిశ్రీ కంప్యూటరు. మద్దిలపాలెంలో సెకండ్ హ్యాండుకి కొన్నామే, అదే. మూడో అంతస్తుకి దాన్ని మోసుకొచ్చింది నువ్వే కదా. మెట్టు మెట్టుకీ ఆగి, "దీనికి క్రేను పిలవాలిరా" అన్నావు.

ఆదివారం పొద్దున్న గుంట కోచింగుకి ఎల్లిపోతా సెప్పింది, "నాన్నా, హెడ్‌సెట్ ఎట్టుకో, మైకు సెలెక్ట్ సేసుకో, అంతే" అని. అంతేనంట. ఆ అంతే అన్నమాటకి నాకు గంటన్నర పట్టింది.

ఇను. స్క్రీను కింద కుడి మూలన స్పీకరు బొమ్మ ఉంటాది. ఎడం బటను నొక్కితే సౌండు పెంచాలా తగ్గించాలా అంటాది. కుడి బటను నొక్కితే సౌండ్ సెట్టింగ్స్ అని ఇంకో పేజీ. అందులో అవుట్‌పుట్ అంటే మనకి ఇనబడేది, ఇన్‌పుట్ అంటే మనం సెప్పేది. ఇక్కడిదాకా బాగానే ఉంది కదా? ఇన్‌పుట్ మీద నొక్కాను. మైక్రోఫోన్ అని ఒకటి. దాని కింద మల్లీ మైక్రోఫోన్ అనే ఇంకోటి. కవలపిల్లలకి ఒకటే పేరు ఎట్టినట్టు. ఒకటి ముందు కన్నానిదంట, ఇంకోటి ఎనక కన్నానిదంట. ఏది ఏదో అక్కడ రాయలేదు. తరవాత లైన్ ఇన్. తరవాత స్టీరియో మిక్స్. ఆకర్న వెబ్‌కామ్ మైకు. హెడ్‌సెట్ అన్న పేరు మాత్రం ఎక్కడా లేదు. నా నెత్తి మీద ఉన్నదే లిస్టులో లేదు బావ.

హెడ్‌సెట్ వైరుకి రెండు పిన్నులు, పచ్చది, గులాబీది. గులాబీది మైకు. ముందు కన్నంలో ఎట్టి మొదటి మైక్రోఫోన్ నొక్కాను, పలకలేదు. రెండో మైక్రోఫోన్ నొక్కాను, పలకలేదు. బల్ల కింద దూరి, బూజులో బోర్లా పడుకుని, ఎనక కన్నంలో ఎట్టాను. లేసేటప్పుడు బల్ల కొట్టుకుంది, ఇదిగో ఇక్కడ, సూడు, ఇంకా నల్లగానే ఉంది. జాలేటి కలగదా నీకు? సరే.

అప్పటికి మీటింగు మొదలైపోయింది. కంగారులో స్టీరియో మిక్స్ నొక్కీసాను. పేరు బాగుంది కదా, అన్నీ కలిపి పంపుతాదేమో అనుకున్నాను. అది ఏటి సేసిందో తెలుసా? మన మాట పంపదంట. కంప్యూటర్లోంచి ఏ సౌండొత్తే దాన్నే ఎనక్కి పంపుతాదంట. గుణశేఖర్ సార్ "గుడ్ మార్నింగ్" అంటే ఆయన గుడ్ మార్నింగే ఆయనకి తిరిగెల్లింది. ఆయన "ఎవరది?" అంటే ఆయన్నే ఎవుడో "ఎవరది?" అని అడిగాడు. సేఫ్టీ ఆఫీసరు కదా, తనని ఎవుడో ఎక్కిరిత్తన్నాడు అనుకున్నాడు పాపం. అందులో ఆరు నిమిషాలు పోయాయి.

నీ మీసం కదిలింది. కదల్లేదా? సరే, గాలి అనుకుంటాను.

ఇంకా ఉంది. డీఫాల్ట్ డివైస్ అని ఒకటి, డీఫాల్ట్ కమ్యూనికేషన్ డివైస్ అని ఒకటి. రెండిటికీ పచ్చగా టిక్కులు. పాటలూ ఆటలూ ఒకదానికంట, మనుషులతో మాటలు ఇంకోదానికంట. నీకైతే సక్కగా పనికొత్తాది బావ. క్రేను కాడ మాటాడే గొంతొకటి, అప్ప ముందు మాటాడే గొంతొకటి, నీకెలాగూ రెండు టిక్కులున్నాయి.

లెవెల్స్ అని ఇంకో సోట ఎల్లాను. అక్కడ మైక్రోఫోన్ బూస్ట్ అని ఒక గీత. పది, ఇరవై, ముప్పై. పెంచితే మంచిదే కదా అని ముప్పైకి లాగీసాను. వంటింట్లో మా ఇంటిది పుష్ప పోపేత్తే ఆ సిటపటలన్నీ మీటింగులో పడ్డాయి. కమ్యూనికేషన్స్ అని ఇంకో సోట ఉంది. మనం మాటాడేటప్పుడు మిగతా సౌండ్లు నూటికి ఎనభై వంతులు తగ్గించాలా అని అడుగుతాది. మరా గుణం మీ అత్తకి ఉంటే మా ఇంట్లో సగం గొడవలు ఉండీవి కావు. అంటే మా అమ్మకే. నాను అనొచ్చు, నువ్వనకూడదు.

ఇన్ని సేసి, అమ్మయ్య అని కూకుంటే, మీటింగు యాపులో మల్లీ ఇంకో లిస్టు. మల్లీ అదే అయిదు పేర్లు. కంప్యూటరు ఒప్పుకున్నా యాపు ఒప్పుకోవాలంట. ఇద్దరూ ఒప్పుకున్నాక ప్రైవసీ అని మూడోది ఒచ్చి, మీ మైకు వాడుకోడానికి అనుమతి ఇత్తారా అంది. ఇయ్యకపోతే గంటన్నరగా బల్ల కింద ఏటి సేత్తన్నానమ్మా నాను?

సరే, ఏదో ఒకటి కలిసొచ్చింది. సారు నా మాట ఇనబడతందన్నారు. ఇప్పుడొత్తంది అసలు ముక్క, ఇటు సూడు.

హెడ్‌సెట్ వైరు మజ్జన ఒక సిన్న బటను ఉంటాది. నువ్వు సెప్పు, మన వాకీటాకీ ఎలగ? బటను నొక్కితే మనం మాటాడతాం. ఒదిలీత్తే మన నోరు ఎవుడికీ ఇనబడదు. పందొమ్మిదేళ్లుగా నా బొటనేలికి అదే అలవాటు. నిద్దట్లో మాటాడినా బొటనేలు నొక్కుకుంటాదని పుష్ప అంటాది. ఈ హెడ్‌సెట్ బటను ఉంది సూడు, ఇది ఉల్టా. ఒకసారి నొక్కితే మైకు మూసుకుంటాది. మల్లీ నొక్కితే తెరుసుకుంటాది.

సారు ఒక్కొక్క సిగ్నల్‌మాన్‌నీ పేరు పెట్టి అడుగుతన్నారు. "అప్పలసూరి గారూ, మీ క్రేను మీద గానీ ఆపరేటరు మీద గానీ చెప్పాల్సిందేమైనా ఉందా?" అన్నారు. నాను బటను నొక్కి, "ఏటీ లేదు సార్, అంతా బాగుంది" అన్నాను. ఆ మాట ఎవుడికీ ఇనబడలేదు, మూసుకుంది కదా. అయిపోయింది అనుకుని మల్లీ నొక్కాను, అది తెరుసుకుంది. తెరుసుకుందని నాకు తెలీదు. వంటింటి కేసి తిరిగి పుష్పతో అన్నాను.

ఏటన్నానో నీకు అప్ప సెప్పే ఉంటాది. మల్లీ సెప్తాను, దాచుకోను. "మా బావకి ఎడం సెవి పోయి రెండేళ్లయింది, కుడి సెవి కూడా సగమే. ఆ రోజు ఉక్కు కాయిలు జానెడులో ఆగబట్టి ఓడ అడుగున ఉన్న మణికంఠ బతికాడు. ఇంకోసారి ఆగకపోతే ఏటి సేత్తాం?" అన్నాను. నలభై మూడు మంది ఇన్నారు.

నలభై నాలుగోవోడివి నువ్వు. ఫోను ఎదరెట్టుకుని, తెల్ల సొక్కా ఏసుకుని, సక్కగా తల దువ్వుకుని కూకున్నావు. అందరి మొగాలూ బిగుసుకుపోయాయి. ఒక్క నువ్వే నవ్వుతన్నావు. అందరూ నీకేసే సూత్తంటే నిన్నేదో మెచ్చుకున్నారు అనుకున్నావో ఏటో, బొటనేలు పైకెత్తి సూపించావు.

ఆ బొటనేలు బావ. దాని గురించి నాకు మాటాడాలని లేదు.

సరే, సెప్పు ఇప్పుడు. తప్పెవులిది? అయిదు మైకులెట్టినోడిదా, ఉల్టా బటను ఎట్టినోడిదా, నాదా? నానిదే గుణశేఖర్ సారుకి సెప్పాను. ఆయన తలూపాడు. అప్పకి సెప్పాను, "నీకు సిన్నప్పుడు సైకిలు కూడా రాలేదు కదరా" అని ఏడుత్తా ఏడుత్తా నవ్వింది. దేవిశ్రీ అయితే ఆ బటను ముక్క ఒక్కటే ఇని, స్నేహితులందరికీ సెప్పుకుని నవ్వుతంది. అందరూ నమ్మీసారు. నన్ను తెలివితక్కువోడు అనుకోడానికి మన సుట్టాల్లో ఎవులికీ ఇబ్బంది లేదు.

అదిగో, నువ్వు కూడా నమ్మీసినట్టే ఉన్నావు. మొగం కొంచెం మెత్తబడింది. ఇంక లేసి ఎల్లిపోవచ్చు నాను.

ఎల్లిపోదామనే ఒచ్చాను. ఇదంతా సెప్పి, నవ్వించి, నీ సేత రెండు తిట్లు తిని, రేపు నిన్ను బండి మీద టెస్టుకి తీసుకెల్లి, మల్లీ మామూలుగా అయిపోదామనే ఒచ్చాను. తోవంతా అదే అనుకున్నాను.

అప్ప లోపలికెల్లిందా? ఎల్లింది. కొంచెం ఇటు జరుగు. ఇంక నెమ్మదిగా సెప్తాను, ఆవిడ ఇనకూడదు.

నిన్న పుష్ప నన్ను ఒక మాట అడిగింది. అన్నం ఎడతా అడిగింది. "అందరూ అంటన్నారు, నువ్వు నాతో మాటాడతంటే మైకులో పడిందంట కదా. ఆ ఆదివారం నాను ఇంట్లో లేను కదా" అంది. నిజమే బావ. పుష్ప ఆ రోజు ఇంట్లో లేదు. పరవాడలో ఆళ్ల సెల్లికి జొరమని శనివారమే ఎల్లిపోయింది. వంటింట్లో ఎవుడూ లేడు. పోపూ లేదు, సిటపటలూ లేవు. పుష్ప ఆ మాట అడగ్గానే అన్నం మజ్జన్నే సెయ్యి కడిగీసుకున్నాను.

మైకు బాగానే ఉంది. అయిదు మైకులున్న మాట నిజమే, బల్ల కొట్టుకున్న మాట కూడా నిజమే, గాని అదంతా శనివారం. మీటింగుకి ముందు రోజు. గుంట కోచింగుకి ఎల్లాక ఇంట్లో నానొక్కడినే ఉండి, ఒక్కొక్కటీ నొక్కి సూసుకున్నాను. ఏ పేరు ఏ కన్నానిదో కాగితం మీద రాసుకున్నాను. నాను మాటాడతంటే లిస్టు పక్కన పచ్చగీతలు పైకి లేసాయి, నోరు మూత్తే పడిపోయాయి. మీటింగులో ఆ స్టీరియో మిక్స్ కూడా తెలిసే నొక్కాను, ఈడికి కంప్యూటరు రాదని అందరూ అనుకోవాలని.

ఇంకోటి సెప్పనా? ఆ మాటని ముందే రికార్డు సేసి ఇనుకున్నాను. మొదటిసారి కోపంగా ఒచ్చింది. నాకు నీ మీద కోపం లేదు, అందుకని ఆ రికార్డింగు సెరిపీసాను. రెండోసారి ఏడుపుగొట్టుగా ఒచ్చింది. మూడోసారి పుష్పతో అన్నట్టు, వంటింట్లోకి తిరిగి అన్నాను. అది బాగా కుదిరింది.

ఎందుకంటావా. మీటింగుకి ముందు, ఆ బుధవారం ఏటయింది? మణికంఠ ఓడ అడుగున కాయిళ్ల కింద సెక్కలు ఎడతన్నాడు. నాను ఉన్న సోట నుంచి నా సెయ్యి నీకు కనబడదు, వాకీటాకీ ఒక్కటే గతి. "ఆపు" అన్నాను. "ఆపు బావా ఆపు" అన్నాను. నువ్వు దించుతానే ఉన్నావు. ఇరవై టన్నుల ఉక్కు రేకు సుట్ట, ఆ కాయిలు. నాను రెయిలింగు ఎక్కి, ఒక కాలు గాల్లో ఎట్టి సేతులూపితే అప్పుడు సూసావు. ఆడి భుజానికీ కాయిలుకీ మజ్జన జానెడు. సారు అడిగితే బ్రేకు లేటుగా పట్టిందని అబద్ధం ఆడాను. మెకానిక్కులు రెండు రోజులు బ్రేకు ఇప్పి సూసారు. బ్రేకు బాగానే ఉంది.

ఆ సాయంత్రం మణికంఠ నా దగ్గరికొచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను. "అన్నా, నీ కేక నాకు అడుగున కూడా ఇనబడింది. ఎల్లాజీ మామకి ఇనబడలేదా?" అన్నాడు, అంతే. ఆడికిద్దరు ఆడపిల్లలు. నాను ఏటి సెప్పాల?

రెండేళ్లుగా నానే కదా నీకు సెవి. నోటితో సెప్తా, సేత్తో సూపిత్తా, ఎవుడైనా నీతో మాటాడితే నానే అడ్డమొచ్చి జవాబు సెప్తా. నువ్వు అందరికీ "సరే సరే" అంటావు, సరే అన్నాక నా కేసి సూత్తావు, ఏటన్నాడురా అని. నాకది బాగానే ఉండీది. ఉజ్జోగం లేక తిరుగుతంటే నన్ను హార్బరుకి తీసుకొచ్చి వాకీటాకీ సేతిలో ఎట్టింది నువ్వు. నీకు ఆ మాత్రం సెయ్యనా అనుకునీవోడిని. ఆ బుధవారం తరవాత అలగ అనుకోలేకపోయాను.

నీకే సెప్పాలని ఒచ్చాను బావ. మూడుసార్లు ఒచ్చాను. ఒకసారి ఒచ్చీసరికి నువ్వు యూనిఫారం ఇస్త్రీ సేసుకుంటన్నావు. అంత ఎత్తున కేబిన్లో నీ ఇస్త్రీ ఎవుడు సూత్తాడు? గాలికి ఎగిరే పక్షులా? అది సూసి గుమ్మంలోంచే ఎనక్కెల్లిపోయాను. ఇంకోసారి మా మేనల్లుడికి సెప్తన్నావు, గుడ్డు మీద కాయిలు దించినా గుడ్డు పగలదు, అదీ మీ అయ్య అంటే అని. ఆడు నమ్ముతన్నాడు. మూడోసారి ఒచ్చి, అప్ప ఎట్టిన సేపల పులుసు తిని ఎల్లిపోయాను.

కంపెనీకి కాగితం రాయొచ్చు. రాత్తే కింద సంతకం ఎట్టాల. మా అప్ప మొగుడి మీద నా సంతకమా? అదే నోరు జారితే సంతకం అక్కర్లేదు. మైకుది తప్పవుతాది, బటనుది తప్పవుతాది. నాను నీ బామ్మర్దిగానే ఉంటాను, కొంచెం తెలివితక్కువ బామ్మర్దిగా. అలగ లెక్కేసుకున్నాను. నువ్వు బొటనేలు ఎత్తకపోతే ఆ లెక్క సరిపోయీదేమో కూడా. దొంగతనంగా నీ ఎనకాల మాటాడాను, అదీ నీ ఎదురుగుండా. నువ్వు ఇనలేవని తెలిసి. మణికంఠ కోసం సేసిన పని తప్పని ఇప్పటికీ అనను. సేసిన తీరు మాత్రం సిగ్గుమాలింది.

అదీ బావ. సెప్పీసాను. ఇంక నీ ఇట్టం.

ఏటి?

మల్లీ సెప్పు, ఏటన్నావు?

ఇనబడలేదా? ఎక్కడి నుంచి ఇనబడలేదు? అప్ప లోపలికెల్లిన కాడి నుంచా. అంటే ఈ ముక్కలేటీ నీకు...

నిజంగానేనా, నాటకమా? ఎనిమిది రోజుల తరవాత నోరు తెరిసి అడిగిన మాట ఇదా? ఇటు సూడు. నీ కళ్లు సూత్తే ఏటీ తెలీడం లేదు. ఇనబడే ఉండి నా సేత మల్లీ సెప్పించాలని సూత్తన్నావో, నిజంగానే ఇనబడలేదో. రేపు డాక్టరు కూడా నీతో ఇలగే తన్నుకుంటాడు కాబోలు.

ఏదైతే ఏటిలే. నెమ్మదిగా సెప్పింది కూడా దొంగతనమే కదా.

అప్పా, ఆ కత్తిపీట అక్కడెట్టి బయటికి రా. సెయ్యి తరవాత కడుక్కో, రా. ఇక్కడ కూకో, బావ పక్కన.

బావ, నా మొగం సూడు. నోటికేసే సూడు. గట్టిగా సెప్తాను, ఈదంతా ఇన్నా పర్లేదు. ఆ మాట నోరు జారి ఒచ్చింది కాదు. నానే అన్నాను. తెలిసే అన్నాను.